పూజ చేసిన సైకిలు

గోడౌను తాళం తాళంగానే వేలాడుతోంది. గొళ్ళెమే చెక్కలోంచి ఊడి వచ్చింది. నిన్న తాళానికి పెట్టిన కుంకుమ బొట్టు మాత్రం చెక్కు చెదరలేదు.

లోపల ఉండవలసిన నాలుగు బండిళ్ళ ఎర్ర నూలు లేదు.

విజయదశమి ఉదయం ఏడున్నర. సబ్ ఇన్‌స్పెక్టర్ బాలశౌరి పటమటలోని ఆ గోడౌను గడప దగ్గర వంగి గొళ్ళెం చూస్తున్నాడు. ఆయన సైకిలు గోడకి ఆనించి ఉంది. హేండిల్‌కి బంతిపూల దండ, మడ్‌గార్డుకి పసుపు, దీపానికి బొట్టు. నిన్న మహానవమి. స్టేషన్‌లో లాఠీలకీ, తుపాకులకీ, సైకిళ్ళకీ ఆయుధపూజ జరిగింది. బాలశౌరి గుణదల కథోలికుడు. తాను పూజ చేయడు, చేసేవాళ్ళకి అడ్డూ చెప్పడు. కానీ పూజ కోసం కడిగిన దగ్గరనుంచీ ఆ సైకిలుకి ఏదో రోగం పట్టుకుంది. స్టేషన్ నుంచి ఇక్కడికి వచ్చేదాకా కీచుమంటూ, మధ్యమధ్య టిక్కుమంటూ ప్రాణం తీసింది.

అది పంతొమ్మిది వందల నలభై నాలుగు. యుద్ధం బర్మాలో, నూలు కరువు బెజవాడలో. సర్కారు రేటు కట్టి పంచే కంట్రోలు వచ్చాక నేతగాళ్ళు ఒక్క చిలప, ఒక్క చుట్ట నూలు కోసం గోడౌన్ల ముందు పడిగాపులు పడుతున్నారు. అదే నూలు బ్లాకులో కావలసినంత దొరుకుతోంది. ఎక్కణ్ణుంచి వస్తోందో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

"అది మామూలు నూలు కాదండీ!" గోడౌను యజమాని రామకోటేశ్వరరావు పట్టు లాల్చీ సర్దుకున్నాడు. "యుద్ధానికి ముందు జర్మనీ రంగు వేసిన సరుకు. ఈ ఎరుపు ఇప్పుడు బెజవాడ మొత్తం మీద నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. రాసుకోండి."

బాలశౌరి రాసుకున్నాడు.

"ఎవరికి ఇవ్వాల్సిన సరుకండీ?"

"దసరా వెళ్ళగానే మంగళగిరి మగ్గాలకి పంచాలని కంట్రోలు ఆఫీసరు ఆర్డరు."

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న మధ్యాహ్నం. పూజ చేసి తాళం వేశాను."

"సాయంత్రం?"

"ఇంటిల్లిపాదీ కొండకి వెళ్ళాం, అమ్మవారి దర్శనానికి."

"కాపలా మనిషి?"

"పండగ పూట వాడు మాత్రం మనిషి కాదా? వాణ్ణీ పంపేశాను."

"ఎవరి మీదైనా..."

ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు వచ్చింది. "భావనారాయణ. మంగళగిరి నేతగాడు. నిన్న పొద్దున వచ్చి నూలు ఇవ్వమని గొడవ చేశాడు. పండగపూట ఇవ్వనంటే, గోడౌను పగలగొడతానన్నాడు. పదిమంది విన్నారు."

సరిగ్గా అప్పుడే హెడ్ కానిస్టేబుల్ వెంకటప్పయ్య రొప్పుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"దొరికాడు సార్! సత్రం అరుగు మీద పడుకుని ఉన్నాడు. సంచిలో ఇది!"

అతని చేతిలో ఎర్ర నూలు చిలప ఒకటి.

"సంచి వెతికేటప్పుడు పక్కన ఎవరున్నారు?"

"నేనొక్కణ్ణే సార్. పారిపోతాడేమోనని ఆగలేదు."

బాలశౌరి చిలపని చేతిలోకి తీసుకున్నాడు. కేసు పెట్టకముందే దొంగ దొరకడం పోలీసులకి సంతోషంగా ఉండాలి. ఆయన మాత్రం నోటుబుక్కు తీసి, సంచి వెతికేటప్పుడు సాక్షి లేడని రాసుకున్నాడు.

*

భావనారాయణకి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. లాకప్పులో నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సంచి నీదేనా?"

"నాదేనండీ."

"నూలు?"

"నాది కాదు. నూలే నా దగ్గరుంటే నేనీ ఊరెందుకు వస్తానండీ?"

"గోడౌను పగలగొడతానన్నావా?"

"అన్నాను."

వెంకటప్పయ్య చప్పట్లు కొట్టినంత పని చేశాడు. భావనారాయణ అతని వంక చూడలేదు.

"అన్నాను, కాదనను. నిన్న మా ఇళ్ళల్లో మగ్గానికి పూజండీ. పడుగు ఉన్న మగ్గానికి బొట్టు పెడతాం. మూడు నెలల్నుంచి నా మగ్గం బోసిగా ఉంది. పండగనాటికైనా కాస్త నూలు ఇమ్మని అడిగాను. లేదన్నాడు. గోడౌనులో ఎర్రగా కనపడుతూనే ఉంది, లేదంటాడే! అందుకే అన్నాను."

"మరి ఇంటికి ఎందుకు వెళ్ళలేదు?"

అతని గొంతు ఒక్కసారి తగ్గింది. "ఖాళీ మగ్గానికి బొట్టు పెట్టడం నాకు చేతకాలేదండీ."

"తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందిరా," అన్నాడు వెంకటప్పయ్య.

"జైల్లో పెట్టుకోండి. కొట్టుకోండి. దొంగనని మాత్రం నా నోటితో చెప్పించలేరు."

బయట మెట్ల మీద ఇంకో గొడవ. భావనారాయణ భార్య హనుమాయమ్మ. మొగుడు రాత్రి ఇల్లు చేరలేదని పొద్దున్నే మొదటి పడవలో ఏరు దాటి వచ్చింది. సత్రం దగ్గర సంగతి తెలిసి నేరుగా స్టేషన్‌కి వచ్చింది. కానిస్టేబులు పొమ్మంటున్నాడు. ఆమె కదలడం లేదు.

"ఆయన్ని వదిలిందాకా ఈ మెట్టు దిగను. మెట్టు మీ నాన్న కట్టించాడా?"

కానిస్టేబులు లోపలికి వెళ్ళిపోయాడు.

పదకొండు గంటలకి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కారు దిగాడు. రామకోటేశ్వరరావు వార్ ఫండుకి జిల్లాలో అందరికంటే ఎక్కువ చందా ఇచ్చిన మనిషి. ఆ సంగతి సర్కిల్ గారి నడకలోనే తెలుస్తోంది.

"ఇంకా ఏమిటయ్యా బాలశౌరీ? సరుకుతో దొరికాడు. బెదిరించాడని సాక్ష్యం ఉంది. నాలుగింటికల్లా మేజిస్ట్రేటు గారి బంగళాకి పంపి రిమాండు చేయించు. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్సు కింద రాయి, ఇప్పట్లో బయటికి రాడు."

"దొరికింది ఒక్క చిలపే సార్. నాలుగు బండిళ్ళు ఎక్కడ?"

"రెండు దెబ్బలు పడితే వాడే చెబుతాడు. నాలుగింటికల్లా, అర్థమైందా?"

కారు వెళ్ళిపోయింది. బాలశౌరి గడియారం చూసుకుని, టోపీ పెట్టుకుని, సైకిలెక్కాడు. కీచు. కీచు. టిక్. ఒళ్ళు మండిపోయింది.

*

"మీ సైకిలు సందు మొదట్లో ఉండగానే వినిపించిందండీ," అంది ఆయన భార్య శౌరమ్మ, అన్నం వడ్డించబోతూ. "చర్చి గంట కూడా ఇంత దూరం వినపడదు."

"కాస్త ఆముదం తీసుకురా."

"అన్నం?"

"ముందు దీని సంగతి తేల్చాలి. దీని మోతలో నా బుర్ర పనిచేయడం లేదు."

గుణదలలో వాళ్ళ ఇంటి ముందు వేపచెట్టు నీడ. బాలశౌరి సైకిలుని తలకిందులుగా నిలబెట్టాడు. చెయినుకి ఆముదం పోసి తిప్పాడు. కీచుమనడం ఆగింది. అది తెలిసిన రోగమే. కిరసనాయిల్లో కడిగిన చెయినుకి తిరిగి నూనె పెట్టకపోతే అలాగే ఏడుస్తుంది.

కానీ టిక్కు ఆగలేదు.

వెనక చక్రాన్ని ఒక్కతోపు తోసి పెడల్ వదిలేశాడు. చక్రం ఫ్రీవీల్ చిటపటలతో హాయిగా తిరిగింది, టిక్కు లేదు. అంటే చక్రానిది కాదు, మడ్‌గార్డుదీ కాదు. పెడల్ చేత్తో తిప్పాడు. టిక్. మళ్ళీ తిప్పాడు. ఏమీ లేదు. మళ్ళీ. టిక్.

"పెడల్ వదులైందేమో," అంది శౌరమ్మ.

"పెడల్దైతే ప్రతి చుట్టుకీ, అదే చోట మోగాలి. ఇది చూడు. ఒకసారి పెడల్ కిందున్నప్పుడు మోగింది. తరవాత రెండు చుట్లు ఊరుకుంది. ఈసారి పెడల్ పైకెళ్ళాక మోగింది."

"అయితే?"

"పెడల్ రెండున్నర చుట్లు తిరిగితేగానీ చెయిను ఒక్క చుట్టు పూర్తి కాదు. చెయినులో ఏదో ఒక్క లంకె బిగుసుకుపోయింది. అది వెనక పళ్ళచక్రం మీదికి వచ్చినప్పుడల్లా వంగనని మొండికేస్తోంది."

నెమ్మదిగా, అంగుళం అంగుళం తిప్పాడు. ఒకచోట చెయిను వంగలేదు. కర్రముక్కలా లేచి, టిక్కుమని కూర్చుంది. ఆ లంకె ఎర్రగా ఉంది.

"కుంకుమ పడి గట్టిపడింది," అన్నాడు బాలశౌరి. పొద్దున్నే ఆ ఎరుపు చూశాడు. పూజ చేసిన సైకిలు మీద ఎరుపు కనపడితే ఈ ఊళ్ళో ఎవరైనా అదే అనుకుంటారు.

గుడ్డ కొసని కిరసనాయిల్లో తడిపి లంకెకి ఒక పక్క తుడిచాడు. కుంకుమ గుడ్డకి వచ్చేసింది.

ఎరుపు పోలేదు.

ఆయన చెయ్యి ఆగిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు దగ్గరగా పెట్టి చూశాడు. "సూది!"

శౌరమ్మ సూది తెచ్చింది. లంకె సందులో పెట్టి కొద్దిగా కదిపాడు. సన్నటి ఎర్ర పోగు కొస ఒకటి బయటికి వచ్చింది. ఇంకా లాగలేదు. అలాగే వదిలేశాడు.

శౌరమ్మ కూడా వంగి చూసింది. "నూలు! నిన్న పొద్దున చెయిను ఊడదీసి కిరసనాయిల్లో ముంచి కడిగారన్నారు కదండీ?"

"నా కళ్ళతో చూశాను. వెండిలా తెల్లగా ఉంది. మధ్యాహ్నం పూజయ్యాక సైకిలుని స్టేషన్ వరండాలో వదిలి నడిచి వచ్చాను. పూజ చేసిన బండి ఆ రోజు కదపకూడదన్నారు."

"మరి కదలని బండికి నూలెలా పట్టిందండీ?"

సైకిలు తాళంచెవి ఎవరి దగ్గరుందో బాలశౌరికి గుర్తొచ్చింది. సైకిలు కడిగిందీ ఆ మనిషే. ఎనిమిదేళ్ళు పక్కన తిరిగిన మనిషి. తన పెళ్ళిలో భోజనాలు వడ్డించిన మనిషి. కోపం వచ్చింది. పొద్దుటినుంచి తను ఎక్కి తిరుగుతున్నది దొంగసొత్తు మోసిన సైకిలు!

"ఇది బయటపెడితే సర్కిల్ ఊరుకోడు శౌరమ్మా. ఏజన్సీ అడవుల్లోకి బదిలీ చేయిస్తాడు."

"చేయిస్తే చేయించనివ్వండి. మనకేమన్నా మేడలున్నాయా, మాన్యాలున్నాయా? రెండు ట్రంకు పెట్టెలు. ఇప్పుడే సర్దుతాను." ఆమె లేచి కొంగు బిగించింది. "ఆ నేతగాడి ఉసురు మాత్రం మన ఇంటికి వద్దు."

*

మధ్యాహ్నం మూడు గంటలు. స్టేషన్ వరండా.

సర్కిల్ గారు కుర్చీలో. పక్క కుర్చీలో రామకోటేశ్వరరావు. లాకప్పులోంచి భావనారాయణని తీసుకొచ్చి స్తంభం దగ్గర నిలబెట్టారు. మెట్టు మీద హనుమాయమ్మ, పొద్దున కూర్చున్న చోటే. మధ్యలో, తలకిందులుగా, సైకిలు.

"ఏమిటయ్యా ఇది?" సర్కిల్ మొహం చిట్లించాడు. "నూలు కేసుకి పిలిచావా, సైకిలు రిపేరుకి పిలిచావా?"

"రెండూ ఒకటే సార్. అయిదు నిమిషాలు. వెంకటప్పయ్యా, నిన్న ఈ సైకిలు కడిగిందెవరు?"

"నేనే సార్."

"చెయిను?"

"ఊడదీసి కిరసనాయిల్లో ముంచి బ్రష్షు కొట్టాను. అద్దంలా మెరిసిందని మీరే అన్నారు."

"పూజ?"

"పన్నెండింటికి సార్."

"తరవాత ఎవరైనా కదిపారా?"

"ఎంత మాట సార్!" వెంకటప్పయ్య చెంపలేసుకున్నాడు. "పూజ చేసిన బండి. దశమి పొద్దుటిదాకా ఎవరూ ముట్టుకోరు."

"ఎవరో ముట్టుకుని ఉంటే?"

"తాళం వేసి ఉంది సార్. చెవి నా మొలతాడుకే ఉంది."

"సాయంత్రం స్టేషన్‌లో ఇంకెవరున్నారు?"

"అందరూ కొండ దగ్గర బందోబస్తుకి వెళ్ళారు. నేనొక్కణ్ణే కాపలా."

"మంచిది." బాలశౌరి కానిస్టేబులు వైపు తిరిగాడు. "అన్నీ రాశావా? సంతకం పెట్టించు."

వెంకటప్పయ్య పెట్టాడు. ఎందుకో ఇంకా అర్థం కాలేదు.

బాలశౌరి పెడల్ తిప్పడం మొదలుపెట్టాడు. టిక్. చెయిను వంగనని లేచిన చోట వేలు పెట్టి ఆపాడు. తుడవకుండా వదిలిన పక్క ఇటు తిప్పాడు.

"రావుగారూ, ఈ ఎరుపు ఏమిటండీ?"

రామకోటేశ్వరరావు నవ్వాడు. "కుంకుమ. తెలియడం లేదా? పాపం, మీ మతంలో ఇవన్నీ ఉండవు కదా. మీకు కొత్త."

"కొత్తేనండీ. అందుకే మీరంతా ఏమనుకుంటారో నేనూ అదే అనుకున్నాను. పొద్దుటినుంచి దాని మీదే ఊరంతా తిరిగాను. నేను చూసిన పూజల్లో హేండిల్‌కి బొట్టు పెట్టారు, దీపానికి పెట్టారు, సీటుకీ పెట్టారు. ఎక్కడో లోపలి లంకెకి, ఆ ఒక్కదానికే, కుంకుమ అద్దడం ఎక్కడా చూడలేదు. వెంకటప్పయ్యా, ఎందుకు పెట్టావు?"

వెంకటప్పయ్య చెయ్యి మొలతాడు మీదికి వెళ్ళింది.

"నేను చెప్పనా?"

కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. కుంకుమ పోయింది. సూదితో పోగు కొస పైకి తీసి, పట్టకారుతో లాగాడు. జానెడు ఎర్ర నూలు. నూనె మరకలతో, పళ్ళ గాట్లతో, ఎండలో వేలాడింది.

పెడల్ తిప్పాడు. ఒక చుట్టు, రెండు, మూడు, నాలుగు. టిక్కు లేదు.

"క్యారియర్ మీద కట్టిన బండిల్ వదులై, పోగు జారి చెయినులో పడింది. తీసుకెళ్ళినవాడు దాన్ని తెంపి పారేశాడు. లోపల ఇరుక్కున్నది రాలేదు. దాని మీద కుంకుమ అద్దాడు. కడగకపోయి ఉంటే ఈ నూలు ఎప్పటిదో నేను చెప్పలేకపోయేవాణ్ణి. నిన్న పొద్దున కడిగారు కనక, ఇది ఆ తరవాత పట్టిందే. రావుగారూ, ఈ రంగు ఇంకెక్కడన్నా దొరుకుతుందా?"

రామకోటేశ్వరరావు మళ్ళీ లాల్చీ సర్దుకున్నాడు.

"బెజవాడ మొత్తం మీద మీ దగ్గర తప్ప ఎక్కడా లేదన్నారు. మీరు రాసుకోమంటేనే రాసుకున్నాను."

"ఎవడో... ఈ నేతగాడే మీ సైకిలు ఎత్తుకెళ్ళి ఉంటాడు!"

"తాళంచెవి వెంకటప్పయ్య మొలతాడుకి ఉందండీ. ఇప్పుడే సంతకం పెట్టాడు."

అందరి చూపులూ అతని మీద పడ్డాయి. వెంకటప్పయ్య గోడకి ఆనుకున్నాడు. మరుక్షణం రామకోటేశ్వరరావు వైపు వేలు చాపి అరిచాడు.

"నాదేం లేదు సార్! అంతా ఈయనే! కంట్రోలు రేటుకి వీళ్ళకి పంచేకంటే, పోయిందని రాయిస్తే మొత్తం బ్లాకులో అమ్ముకోవచ్చన్నాడు. బండి మీద తోలిస్తే దారిలో ఆపుతారు, పోలీసు సైకిలుని ఎవడాపుతాడన్నాడు. తన సరుకు తనే తీయించుకుంటే దొంగతనం ఎలా అవుతుందన్నాడు! చిలప సంచిలో పెట్టమందీ ఈయనే!"

"ఎక్కడుంది నూలు?"

"ఈయన గొడ్లచావిడి వెనక, గడ్డివాములో."

రామకోటేశ్వరరావు లేవబోయాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు అతని కుర్చీ వెనక నిలబడ్డారు. ఇంకో ఇద్దరు పటమటకి పరిగెత్తారు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బాలశౌరిని పక్కకి లాక్కెళ్ళాడు. గొంతు తగ్గించాడు.

"ఇక్కడితో ఆపు. నూలు దొరికిందని రాయి, నేతగాణ్ణి వదిలెయ్యి. సైకిలు డిపార్ట్‌మెంట్‌ది, మనిషి డిపార్ట్‌మెంట్ మనిషి. పరువు పోతుంది."

"పరువు పోకూడదనే సార్, చెయినుకి సీలు వేస్తున్నాను."

"కళ్ళు నెత్తికెక్కాయా? రేపటినుంచి ఏజన్సీలో మలేరియాతో కాపరం చేస్తావు!"

"ట్రంకు పెట్టెలు సర్దడం అయిపోయింది సార్," అన్నాడు బాలశౌరి. ఈసారి గొంతు తగ్గించలేదు. మెట్టు మీద హనుమాయమ్మకి కూడా వినిపించింది.

*

నాలుగింటికి మేజిస్ట్రేటు గారి బంగళాలో ఉండాలి. రామకోటేశ్వరరావునీ, వెంకటప్పయ్యనీ కానిస్టేబుళ్ళు ముందే అటు నడిపించుకెళ్ళారు. గడ్డివాములోంచి తెచ్చిన బండిళ్ళు నాలుగూ వరండాలో ఉన్నాయి. ఒకదాని కట్టు వదులై ఉంది. చెయిను గుడ్డసంచిలో సీలుతో ఉంది. చెయిను లేని సైకిలుకి నంబరు చీటీ వేలాడుతోంది. తన సైకిలుని తనే జప్తు చేసుకున్న బాలశౌరికి వెళ్ళడానికి బండి లేదు. సర్కిల్ గారి కారు అడగదలుచుకోలేదు.

పొద్దున సత్రం నుంచి తనతో పాటు పట్టుకొచ్చి స్టేషన్ వెనక పడేసిన తన సైకిలుని తోసుకుంటూ భావనారాయణ వచ్చాడు. రేవు బురద ఇంకా దానికి అట్టకట్టి ఉంది. పసుపు లేదు, బొట్టు లేదు.

"ఎక్కండి బాబుగారూ. నేను తొక్కుతాను."

"ముద్దాయి బండి మీద సబ్ ఇన్‌స్పెక్టరా? ఊరు నవ్వుతుంది," అన్నాడు సర్కిల్.

"ముద్దాయి కాదు సార్, సాక్షి," అని బాలశౌరి క్యారియర్ మీద కూర్చున్నాడు. సీలు వేసిన సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

హనుమాయమ్మ పొద్దుటినుంచి మొదటిసారి మెట్టు దిగింది. "మా మగ్గానికి నూలెప్పుడు ఇస్తారండీ?"

"మేజిస్ట్రేటు గారు ఆర్డరు వేయగానే."

"అయితే నేనూ నడిచొస్తాను. ఆయనగారింటికి కూడా మెట్లుంటాయిగా."

సైకిలు కదిలింది. దసరా జనంతో వీధి కిక్కిరిసి ఉంది. పొద్దున బేడీలతో నడిపించుకెళ్ళిన మనిషి ఇప్పుడు యూనిఫారంలో ఉన్న సబ్ ఇన్‌స్పెక్టర్ని వెనకేసుకుని తొక్కుతుంటే జనం నోళ్ళు వెళ్ళబెట్టి దారి ఇచ్చారు. భావనారాయణ ఎవరికీ తల వంచలేదు. గంట కొట్టే అవసరం కూడా లేకపోయింది. సైకిలు అంత మోత మోగుతోంది.

బాలశౌరి కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"ప్రతి తొక్కుకీ ఒకసారి, ఒకే చోట. పెడల్ పిన్ను వదులైంది భావనారాయణా."

"తెలుసండీ," అన్నాడు భావనారాయణ, ఇంకా గట్టిగా తొక్కుతూ. "ముందు మగ్గం మోగనివ్వండి. ఆ తరవాత దీని నోరు మూయిద్దాం."